మావయ్యగారి ఎదుట ఫుల్ హౌస్

తంబోలాలో గెలిచే దారులు మా అత్తగారికి తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు. ఆవిడ గెలిచిన సందర్భాలు మాత్రం బహు తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో తెలియాలంటే ఆదివారం సాయంత్రం రాయపూర్ రైల్వే కాలనీలో ఇన్‌స్టిట్యూట్ హాలుకు వెళ్లి ఆవిడ పక్కన కూర్చోవాలి. డెబ్బైల మొదట్లో, విజయనగరం వైపు నుంచి కొత్త కోడలిగా వచ్చిన నేను అలా కూర్చున్నాను.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. టికెట్ మీద మూడు వరసల్లో పదిహేను అంకెలుంటాయి. పిలిచే ఆయన గుడ్డసంచిలోంచి ఒక్కొక్క చెక్కబిళ్ల తీసి, దాని మీది అంకె చదివి, బోర్డు మీద దాని గడిలో పెడతాడు. మన టికెట్‌లో ఉంటే కొట్టేసుకోవాలి. ముందుగా ఐదు కొట్టినవాళ్లకు జల్దీ ఫైవ్, ఒక వరస పూర్తయితే వరస బహుమతి, పదిహేనూ అయిపోతే ఫుల్ హౌస్. అయితే మన ఆఖరి అంకె పడగానే, తరవాతి అంకె పిలిచేలోగా, గట్టిగా అరిచి చెప్పాలి. ఆ తరవాత చెబితే చెల్లదు.

అత్తగారి శాస్త్రం చాలా పెద్దది. టికెట్ కట్ట పైనుంచి తీసుకోకూడదు, అడుగునుంచి లాగించుకోవాలి. పైవాటికి అప్పటికే అందరి దిష్టీ తగిలి ఉంటుంది. ఎనిమిదితో మొదలయ్యే టికెట్ వస్తే అది శనిది, నవ్వుతూ పక్కావిడకు అంటగట్టాలి. పోయిన వారం గెలిచినావిడ కుర్చీ దొరికితే సరే, లేకపోతే కనీసం ఆ వెనక కుర్చీ. చీర ఆకుపచ్చదే కావాలి. జల్దీ ఫైవ్ ఎవరో ఒకరు కొట్టేదాకా టీ ముట్టకూడదు. ఇన్ని పాటించినా రాకపోతే, బయలుదేరేటప్పుడు ఇంట్లో ఎవరో తుమ్మి ఉంటారు. ఆ ఎవరో చాలాసార్లు నేనే.

పైగా ఆవిడ ఒక్కసారే ఆరు టికెట్లు ఒళ్లో పరుచుకునేది. ఆశ ఆరు టికెట్లది, కళ్లేమో రెండే. ఒక అంకె కోసం ఆరింటిలో వెతికేలోగా ఇంకో అంకె దాటిపోయేది. ఆట అయ్యాక చూసుకుంటే, కొట్టాల్సినవి కొట్టకుండా వదిలేసినవి ఎప్పుడూ కనబడేవి. అప్పుడు పిలిచినాయన గొంతు సరిగా లేదనేది.

నేను ఎస్సెల్సీ దాకా చదివినదాన్ని, కొంచెం పొగరు కూడా ఉన్నదాన్ని. నాలుగు వారాలు చూసేసరికి నాకూ ఒక లెక్క కుదిరింది. సంచిలో చెయ్యి పెట్టేవాడికి మన చీర రంగు తెలియదు, కాబట్టి ఏ టికెట్ అయినా ఒకటే. జనం తక్కువగా వచ్చిన రోజున మన వంతు దగ్గరవుతుంది. అందుకని వాన పడే ఆదివారం, పిల్లల పరీక్షల ముందు ఆదివారం మానకూడదు. చూపు ఆనినన్ని టికెట్లే తీసుకోవాలి. ముందు వరసలో కూర్చోవాలి. ఇంకా రావలసిన అంకెలేవో చూడకుండానే చెప్పగలగాలి. ఇదంతా అత్తగారికి వివరించాను.

"సదువుకున్నదానివి, నీ లెక్క నువ్వాడమ్మా, నా లెక్క నేనాడతాను. ఎవరికి తగిల్నా ఇంటికే కదా వచ్చీది" అంది ఆవిడ.

వాన సంగతి మాత్రం ఆవిడకు బాగా నచ్చింది. ఆ తరవాత మబ్బు పట్టినప్పుడల్లా గొడుగు తీసి గుమ్మం దగ్గర పెట్టేది. జోరువానలో ఒక గొడుగు కింద ఇద్దరం సగం సగం తడుస్తూ వెళ్లి, బోసిగా ఉన్న హాలు చూసి మురిసిపోయేవాళ్లం. ఆ రోజుల్లో వరస బహుమతులు మా ఇంటికి బాగానే వచ్చాయి. స్టీలు డబ్బా, ఫ్లాస్కు, గోడ గడియారం. అత్తగారు అవన్నీ తన శాస్త్రం ఖాతాలోనే వేసుకుంది.

కానీ మా ఇద్దరి లెక్కల్లోనూ ఒక సంగతి తప్పిపోయింది. అంకెలు పిలిచే ఆయన మా మావయ్యగారు.

ఆయన గార్డుగా చేసి రిటైరయ్యారు. గొంతు మైకు అక్కర్లేని గొంతు. ప్రతి అంకెనూ ఇంగ్లీషులో, హిందీలో, చివర తెలుగులో పిలిచేవారు. అన్ని భాషలవాళ్లూ ఉన్న కాలనీ అది. మనిషి నిబంధన దాటరు, దాటనివ్వరు. అందుకే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ సంచి ఇంకెవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ఇక మా ఇళ్లలో ఆ కాలంలో కోడలు మామగారి ఎదుట నోరెత్తదు. ఆయన ముందుగదిలో ఉంటే నేను వంటింటి తలుపు వెనకే. ఆయనకు మంచినీళ్లు కావాలంటే అత్తగారితో అనేవారు. గ్లాసు చేతికిచ్చేది నేనే అయినా మాట మాత్రం అత్తగారి మీదుగా తిరిగి రావాలి. కోపమో, పడకపోవడమో కాదు, మర్యాద అంతే. కాపురానికి వచ్చి అన్నాళ్లయినా ఆయన నాతో నేరుగా ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు.

కాబట్టి హాల్లో నాకు వరస వస్తే నేను అత్తగారిని మోచేత్తో పొడిచేదాన్ని. ఆవిడ లేచి అరిచేది. టికెట్ పట్టుకొని ఆవిడే వేదిక దగ్గరికి వెళ్లేది. చిన్న బహుమతులకు ఈ ఏర్పాటు సరిపోయింది.

నా ప్రాణం పడింది చిన్న బహుమతుల మీద కాదు. ఏటా దీపావళి తరవాత ఇన్‌స్టిట్యూట్‌లో మేళా జరిగేది, ఆ రోజు పెద్ద తంబోలా. ఆ ఏడు ఫుల్ హౌస్‌కు కుట్టుమిషన్ పెట్టారని తెలిసింది. పెళ్లికి ముందు నేను రెండేళ్లు కుట్టు నేర్చుకున్నాను. కొలత తీసి గుడ్డ మీద సుద్దగీత గీస్తుంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. ఇక్కడికి వచ్చాక సూది తప్ప ఏమీ లేదు. ఒక మిషన్ ఉంటే కాలనీలో ఆడవాళ్ల జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతానని మా ఆయనతో అన్నాను. లోకో షెడ్డు పని, నెమ్మది మనిషి, తండ్రి దగ్గర నసుగుతూ ఆ సంగతి ఎత్తాడు. కోడలి చేత ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టించుకునే గతి మనకు పట్టలేదని మావయ్యగారు తేల్చేశారు. నేను తలుపు వెనకే ఉన్నాను. ఆ మాట విని నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

అత్తగారు నా మొహం చూసి వంటింట్లోకి వచ్చింది. "కొంటే వద్దంటాడు గానీ, గెలుచుకొస్తే ఏటంటాడు? లచ్చిందేవి తన కాళ్లతో నడిచొస్తే గుమ్మంలోంచి తరిమీగలడా?" అంది. తన పెళ్లయిన కొత్తలో హార్మోనియం నేర్చుకుందామనుకుందట. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

మేళా రోజు హాలు నిండిపోయింది. నేను రెండు టికెట్లు తీసుకొని ముందు వరసలో కూర్చున్నాను. అత్తగారు ఆరు. ఆట సాగుతుంటే నా ఒక టికెట్ మీద గీతలు దట్టమవుతూ వచ్చాయి. చివరికి ఒక్క అంకె మిగిలింది, డెబ్బై ఆరు. అత్తగారికి చెబుదామంటే ఆవిడ తన ఆరు టికెట్ల అడవిలో దారి తప్పి ఉంది. అంతలో మావయ్యగారు మూడు భాషల్లోనూ పిలిచారు. డెబ్బై ఆరు.

మోచేత్తో పొడిచాను. ఆవిడ "ఉండమ్మా, యాభై రెండు చూస్తున్నాను" అంది. మళ్లీ పొడిచాను, టికెట్ ఆవిడ కళ్లముందు పెట్టాను. నేను కుర్చీలోంచి సగం లేచాను కూడా. నోరు తెరిచాను. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మావయ్యగారు నా వైపే చూశారు. చూస్తూ సంచిలో చెయ్యి పెట్టి తరవాతి బిళ్ల తీసి పిలిచేశారు. అప్పుడు అత్తగారు అరిచింది.

"అంకె దాటిపోయింది. చెల్లదు" అన్నారాయన మైకులో.

ఇంకో రెండు అంకెలకు కుట్టుమిషన్ స్టేషన్ అవతలి క్వార్టర్ల నుంచి వచ్చిన ఒకావిడకు వెళ్లింది. ఆవిడ గట్టిగా అరిచింది, అరిచి అందుకుంది. ఆవిడ మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా మావయ్యగారి మీద. సగం లేచిన మనిషిని చూసి ఒక్క క్షణం ఆగితే ఆయన నిబంధన అరిగిపోతుందా? దారిపొడుగునా అత్తగారు తన నెత్తి తను కొట్టుకుంటూ వచ్చింది. తప్పు నీది కాదని నేనంటే ఇంకా ఏడ్చింది. మావయ్యగారు మాకు పది అడుగుల ముందు నడిచారు, వెనక్కి చూడలేదు.

మర్నాడు వంటింట్లో కూరగాయలు తరుగుతూ అత్తగారు అంది, "ఇంక నా నోటి మీద ఆధారపడకు. నీ నోరు నువ్వే తెరవాలి."

"మావయ్యగారి ఎదుటా?"

"ఆయన ఎదుట కాదు, ఆట ఎదుట. అడగందే అమ్మైనా పెట్టదు, తెలీదేటి? మైకు పట్టుకున్న మామగారు పెడతాడా?"

చెప్పినంత సులువు కాదు. పుట్టింటి నుంచీ గొంతు తగ్గించమనే నేర్పారు. పెరట్లో నిలబడి ఒకసారి "హౌస్" అనమంది అత్తగారు. అన్నాను. పక్కనే ఉన్న అత్తగారికే వినబడలేదు. గట్టిగా అంటే ముందుగదిలో ఆయనకు వినబడుతుంది. దానికి ఉపాయం కూడా ఆవిడే కనిపెట్టింది. మా క్వార్టర్ పెరటి గోడ అవతలే రైలు పట్టాలు. గూడ్సు వెళ్లేటప్పుడు ఇంట్లో గిన్నెలు కూడా అదురుతాయి. ఇక రోజూ గూడ్సు చప్పుడు వినబడగానే ఇద్దరం చేతిలో పని వదిలి పెరట్లోకి పరుగు. బొగ్గు వ్యాగన్లు పోతున్నంతసేపూ నేను గోడకేసి అరిచేదాన్ని. అత్తగారు రెండు చేతులూ ఊపుతూ ఇంకా, ఇంకా అనేది. మొదట్లో సిగ్గేసింది. కొన్నాళ్లకు గూడ్సు ఆలస్యమైతే తోచేది కాదు.

ఒకరోజు సిగ్నల్ పడలేదో ఏమో, బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. నా అరుపు మాత్రం ఆగలేదు. నిశ్శబ్దంలో కాలనీ అంతటికీ ఫుల్ హౌస్ వినబడింది. పక్కింటి పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఛత్తీస్‌గఢీ ఆవిడ "కా హోగే దీదీ?", ఏమైందక్కా అని గోడ మీదుగా తొంగిచూసింది. ముందుగదిలోంచి మావయ్యగారి గొంతు, "ఏటది?"

"పిల్లి అండీ" అంది అత్తగారు.

తరవాత ఆయన దగ్గు వినబడింది. అది దగ్గో నవ్వో అప్పుడు నాకు తెలియలేదు.

మరుసటి ఏడు మేళాకు మళ్లీ కుట్టుమిషనే పెట్టారు. దాని మూలంగా ఆడవాళ్లు విరగబడి వస్తున్నారని కమిటీవాళ్లకు అర్థమైంది. వాన లేదు, పరీక్షలు లేవు, హాల్లో ఇసుక వేస్తే రాలదు. నా లెక్క ప్రకారం అవకాశం చాలా తక్కువ. అత్తగారు ఆకుపచ్చ చీర కట్టుకుంది. నాకూ ఒక ఆకుపచ్చ చీర ఇచ్చింది. నేను కట్టుకున్నాను. చదువుకున్నంత మాత్రాన మనిషికి ఆశ ఉండకూడదని లేదు కదా.

ఆట మధ్యలో ఎవరో మావయ్యగారికి టీ ఇచ్చారు. ఆయన ఒక చేత్తో కప్పూ సాసరూ అందుకుంటూనే నలభై ఏడు పిలిచారు. నాకుంది, కొట్టేశాను. ఇలా ఒకటీ ఒకటీ పడుతూ, చివరికి ఇరవై మూడు మిగిలింది. అత్తగారు తన టికెట్లు పక్కన పెట్టేసి నా టికెట్టే చూస్తోంది. ఆవిడ నోరు గట్టిగా మూసుకుంది. ఈసారి అరవనని ముందే చెప్పింది.

ఇరవై మూడు పడింది.

లేచాను. "ఫుల్ హౌస్" అన్నాను. గూడ్సు బండి లేని చోట గూడ్సుకు తగ్గ గొంతు వచ్చింది. హాలంతా తిరిగి చూసింది. మావయ్యగారి చెయ్యి సంచి మూతి దగ్గర ఆగింది.

"టికెట్ ఎవరిదో వాళ్లే వచ్చి అంకెలు చదవాలి" అన్నారు, ఎటో చూస్తూ.

వెళ్లాను. వేదిక మెట్లెక్కి, ఆయనకు చేతికందేంత దూరంలో నిలబడి, పైట భుజం చుట్టూ లాక్కొని చదవడం మొదలుపెట్టాను. నేను ఒక అంకె అంటే ఆయన బోర్డు చూసి "ఉంది" అనేవారు. అలా మా ఇద్దరి మధ్య మొదటి సంభాషణ అంకెలతో మొదలైంది. "పన్నెండు." "ఉంది." "ముప్ఫై ఒకటి." "ఉంది." నా గొంతు మెల్లగా కుదుటపడింది.

"నలభై ఏడు."

"లేదు."

బోర్డు మీద ఆ గడి ఖాళీగానే ఉంది. వెనక వరసల్లో గోల మొదలైంది. ముందు కూర్చున్న ఆడవాళ్లు పిలిచారంటున్నారు, వెనక మగవాళ్లు లేదంటున్నారు. "ఆగే బఢో గార్డ్ సాబ్" అని ఒకాయన తొందరపెట్టాడు. "ఘర్ కీ బహూ హై, దే దేంగే" అని ఇంకొకాయన నవ్వాడు. ఇంటి కోడలు కదా, ఇచ్చేస్తారులే అని. ఆ మాటకు మావయ్యగారి మొహం బిగుసుకుపోయింది. ఇంటిదాన్నని అంటే చాలు, ఆయన న్యాయం ఉన్నా ఇవ్వరు.

"లేదు" అన్నారు మళ్లీ. సంచి చేతిలోకి తీసుకున్నారు. తరవాతి బిళ్ల పైకి వచ్చిందంటే నా మిషన్ పోయినట్టే.

"పిలిచారు మావయ్యగారూ" అన్నాను. మైకు దగ్గరగా ఉంది కాబోలు, ఆ మాట హాలంతా మోగింది. "మీకు టీ ఇచ్చినప్పుడు పిలిచారు. బోర్డు మీద పెట్టడం మరిచిపోయారు. నేను విన్నాను."

ఆయన నా మొహం కేసి చూశారు. తలుపు సందులోంచి కాకుండా, ఎదురుగా. నేను తల దించలేదు. తప్పయితే తప్పు, విన్నది విన్నానని చెప్పకుండా ఇంటికి వెళ్లలేననిపించింది.

ఆయన సంచి బల్ల మీద బోర్లించారు. మిగిలిన బిళ్లలన్నీ వెల్లకిలా తిప్పి పరిచారు. అందులో నలభై ఏడు లేదు. బోర్డు మీదా లేదు. మరెక్కడ? బల్ల మీద కాగితాలెత్తారు, జేబు తడుముకున్నారు. చివరికి ఖాళీ కప్పు ఉన్న సాసర్ పైకెత్తారు. ఒలికిన టీకి అతుక్కొని బిళ్ల సాసర్ అడుగున ఉంది. దాన్ని వేళ్లతో ఊడదీసి, పంచె అంచుకు తుడిచి, దాని గడిలో పెట్టారు.

అప్పుడు మైకు అందుకున్నారు. "పొరపాటు నాది. అంకె పిలిచాను, బోర్డు మీద పెట్టలేదు. టికెట్ సరైనది" అని తెలుగులో చెప్పారు. ఆ తరవాత హిందీలో చెప్పారు, ఇంగ్లీషులో కూడా చెప్పారు. అంకెలు పిలిచినంత స్పష్టంగానే, ఎక్కడా గొంతు తగ్గించకుండా. అంతమంది ముందు తప్పు ఒప్పుకుంటున్న ఆయనను చూస్తుంటే, ఏడాదిగా నేను మోస్తున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. మిగిలిన అంకెలు చదివాను. అన్నీ ఉన్నాయి. కింద అత్తగారు కుర్చీ ఎక్కి నిలబడి ఉంది.

మిషన్‌ను రిక్షాలో ఇంటికి తెచ్చాం. తెచ్చామే గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో, అసలు పెట్టనిస్తారో లేదో తెలియదు. వెనకగదిలో మంచాలకూ గోడకూ మధ్య ఇరికించి, పాత దుప్పటి కప్పాను. అక్కడ పగలు కూడా దీపం వెయ్యాలి. సూదిలో దారం ఎక్కించడానికే కళ్లు పొడుచుకోవాలి. గెలిచిన ఆనందం రెండు రోజుల్లోనే సన్నగిల్లింది. మావయ్యగారు ఔననలేదు, కాదనలేదు. నన్ను వచ్చి అడిగిన మొదటి ఆవిడకు, పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడకే, కొన్నాళ్లాగమని చెప్పాను.

మూడో రోజు పొద్దున్న నేను వంటింట్లో ఉండగా ముందుగదిలో బరువైనదేదో ఈడుస్తున్న చప్పుడైంది. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. దాని పక్కన మావయ్యగారి పడకకుర్చీ. రిటైరైన నాటి నుంచీ ఆయన పేపరు, టీ, కునుకు అన్నీ అక్కడే. ఆ చోట ఇంకెవరూ కూర్చోరు, మా ఆయన కూడా. ఏమిటో చూద్దామని తలుపు దాకా వచ్చి, అలవాటుగా దాని వెనకే ఆగిపోయాను.

ఆయన కుర్చీని వీధి గుమ్మం పక్క మూలకు లాగేశారు. చీకటిగా ఉండే మూల అది, అక్కడ పేపరు చదవడం కుదరదు. కిటికీ కింద ఖాళీ అయిన చోట దుమ్ము ఆయనే చీపురుతో ఊడుస్తున్నారు. అత్తగారు పక్కనే నిలబడి ఉంది. మాట ఏదైనా ఉంటే ఆవిడతో అనాలి, ఆవిడ నాతో అనాలి. ఆయన ఆవిడ వైపు చూడలేదు. నడుము నిటారు చేసుకుని, నేనున్న తలుపు వైపు తిరిగారు.

"ఇక్కడ వెలుతురు బాగుంటుందమ్మా. మిషన్ ఇక్కడ పెట్టుకో."